గేటు బయట నిలబడ్డవాళ్లు మనకేమవుతారు?



మనకి రెండు కొత్తగూడలు ఉన్నాయి. ఒకటి మహబూబాబాద్ జిల్లాలో, అడవి అంచున ఉన్న మండలం. ఇంకోటి హైదరాబాద్‌లో, కొండాపూర్ పక్కన ఐటీ ఆఫీసులు, హాస్టళ్లు, 2023లో తెరిచిన ఫ్లైఓవర్ ఉన్న చోటు.

రెండేళ్లకోసారి మేడారం జాతరకి, సమ్మక్క భర్త పగిడిద్ద రాజు మొదటి కొత్తగూడ దగ్గర్లోని పూనుగొండ్ల నుంచి బయల్దేరతాడు. పూజారులు ఆయన్ని కాలినడకన తీసుకెళ్తారు. దారిలో జనం ఎదురొచ్చి మొక్కుతారు. అక్కడ దారంటే దేవుడు నడిచే చోటు.

మరి సిటీలో మన ఇంటి ముందుకి రోజూ వచ్చేదెవరు? డెలివరీ తమ్ముడు, చెత్త బండి అన్న, పూలమ్మే అమ్మ. వాళ్లని గేటు దగ్గరే ఆపేస్తాం. కొన్నిచోట్ల వాళ్లకి లిఫ్ట్ కూడా వేరే.

"డబ్బులిస్తున్నాం కదా, ఇంకేం బాకీ?" అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పైగా అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడు, ఆర్డర్ పెడితే వచ్చేవాడు కాదు. కానీ గృహస్థుకి చెప్పిన పంచ మహాయజ్ఞాల్లో అతిథిని ఆదరించే మనుష్యయజ్ఞంతో పాటు భూతయజ్ఞం కూడా ఉంది. అది కాకికీ కుక్కకీ ముద్ద పెట్టమంటుంది. కాకిని మనం పిలిచామా? అది మనకేం పని చేసింది? ఏమీ లేకున్నా పెట్టమన్నారంటే, ఆకలే దానికి అర్హత. డబ్బులు పనికి చెల్లు. దాహానికి కాదు.

లోపలికి ఎవర్ని రానివ్వాలన్నది సెక్యూరిటీ విషయం, దాన్ని కమిటీ చూసుకుంటుంది. ఎండాకాలం గేటు పక్కన చలివేంద్రం మాత్రం మన ధర్మం. ఒక కుండ, ఒక గ్లాసు, రోజూ పొద్దున్నే నింపే ఒక మనిషి చాలు.