చౌకయైనంత మాత్రమున అందినట్లేనా?

వర్తకులకు ధరను గూర్చి ఎవరును బోధింపనక్కర లేదు. సరుకు వెల తగ్గినచో కొనువారు పెరుగుదురనునది అంగడిలో పెరిగిన పసివానికి సైతము తెలిసిన సంగతియే. కాని వెల తగ్గిన సరుకు ప్రతి యింటికిని చేరినదా, చేరనిచో ఆ చేరనివారి యెడల మనకు బాధ్యత యేమైన గలదా అను ప్రశ్నకు చిఠ్ఠా ఆవర్జాలలో సమాధానము దొరకదు. అది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. ఇంటర్నెట్టు, దానిని వాడుకొనుటకు వలసిన ఫోనులు మన దేశములో చౌకయైనవని అందరును చెప్పుకొనుచున్న యీ దినములలో ఆ ప్రశ్నను ఒక మారు నిదానముగా విచారించుట మంచిది.

మన దేశములో మొదటి మొబైలు ఫోను సంభాషణ 1995 జూలై 31వ తేదీన కలకత్తా, ఢిల్లీ నగరముల మధ్య జరిగెను. ఆనాడు మాటాడుటకు నిమిషమునకు 16 రూపాయల వరకు పడెడిది. ఆ సంవత్సరమే ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు సౌకర్యమును ప్రారంభించెను. సామాన్య ప్రజలకని పేరే గాని, చాలకాలము అది పెద్ద సంస్థలకును కలిగినవారికిని మాత్రమే అందిన వస్తువు. 2014వ సంవత్సరములో సైతము ఒక జీబీ డేటాకు సగటున సుమారు 269 రూపాయలు పడుచుండెను. 2016 సెప్టెంబరులో జియో సంస్థ రంగములోనికి వచ్చిన పిదప పోటీ తీవ్రమై, 2018 నాటికి ఆ వెల 12 రూపాయల లోపునకు దిగెను. నాలుగేండ్లలో ఇరువదింట ఒక వంతు కంటెను తక్కువకు దిగిన సరుకు మరియొకటి కలదేమో మన పెద్దలే చెప్పవలెను. ఇది పోటీ వర్తకము వలన కలిగిన మేలు. వర్తకము లోకమునకు చేయగల ఉపకారమునకు ఇది మంచి నిదర్శనమని మనము సంతోషింపవచ్చును.

అయినను లెక్క యిచ్చట ముగియలేదు. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడినవారు 33.3 శాతము, పురుషులలో 57.1 శాతము మాత్రమే అని తేలినది. తమ స్వంత వాడుకకు మొబైలు ఫోను ఉన్న స్త్రీలు 54 శాతము. తరువాత వాడుక మరికొంత పెరిగిన మాట నిజమే. కాని డేటా వెల అంతగా దిగిన తరువాత కూడ ముగ్గురు స్త్రీలలో ఇద్దరు దాని ముఖమే చూడలేదన్నచో, అడ్డుపడినది డేటా వెల ఒక్కటియే కాదని తెలియుచున్నది.

మొదటి అడ్డు ఫోను. ఉప్పు పప్పులను దినకూలి ఏ పూటకు ఆ పూట కొనగలడు. డేటా కూడ చిన్న మొత్తములలో దొరకును. ఫోనును మాత్రము చిటికెడు చిటికెడుగా కొనుటకు వీలు లేదు. కొన్ని వారముల కూలిని ఒక్కసారిగా తీసి పెట్టవలెను. ఈ కష్టమును తీర్చుటకు చేసిన ప్రయత్నములు లేకపోలేదు. 2001లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు సింప్యూటర్ అను చిన్న కంప్యూటరును రూపొందించి, ఊరివారు పలువురు కలిసి ఒకదానినే వాడుకొనునట్లు ఏర్పాటు చేసిరి. ఆలోచన ఉత్తమమైనదే గాని అది అనుకొన్నంత వ్యాప్తి పొందలేదు. 2011 అక్టోబరులో విద్యార్థుల కొరకు ఆకాశ్ అను టాబ్లెట్టు వచ్చెను. ప్రభుత్వమునకు దాని కొనుగోలు వెల సుమారు 2,250 రూపాయలు. అది మిక్కిలి నెమ్మదిగా పనిచేయుచున్నదని, తాకినచో తెర సరిగా పలుకదని ఫిర్యాదులు వచ్చెను. 2017లో జియో ఫోను 1,500 రూపాయల ధరావతుపై దొరకెను. వీటిలో ఆకాశ్ కథ మనము మరువరానిది. వెల తగ్గించు తొందరలో నాణ్యమును వదలి పేదవాని చేతిలో పెట్టిన వస్తువు, పుచ్చిన గింజలను తూచి యిచ్చినట్లే యగును. ఇక పన్ను సంగతి చూడుడు. మొబైలు ఫోనులపై జి.ఎస్.టి. 2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి 12 శాతము నుండి 18 శాతమునకు పెరిగినది. 2024 జూలైలో ప్రయివేటు టెలిఫోను సంస్థలు రీఛార్జి ధరలను పెంచినవి. కలవారి యింట ఈ పెంపు ఎవరును గమనింపలేదు. దినకూలి యింట అది లెక్కించి చూడవలసిన మొత్తము.

సగటు అను మాట యిచ్చట మనలను మోసగించును. ఇంటర్నెట్టు ఖర్చు తలసరి నెలసరి ఆదాయములో 2 శాతమునకు మించరాదని ఐక్యరాజ్యసమితికి సంబంధించిన బ్రాడ్‌బాండ్ కమిషన్ 2018లో ఒక లక్ష్యము నిర్ణయించెను. లక్ష్యము మంచిదే. కాని తలసరి ఆదాయమనగా మిల్లు యజమాని రాబడిని, అందులో మూటలు మోయువాని కూలిని కలిపి పంచిన సంఖ్య. ఆ కొలతకు చౌకయని తేలినది మూటలు మోయువానికి చౌక కాకపోవచ్చును. తూకపు రాయి ఎవరి పక్షమున చెక్కబడినదో చూడకుండ తూకము సరియైనదని చెప్పరాదు.

అట్లయినచో కొంత భాగమునైనను ఉచితముగా ఇచ్చుట మంచిది కాదా? ఈ ప్రశ్న మన దేశములో నిజముగనే వచ్చెను. ఫేస్‌బుక్ సంస్థ ఫ్రీ బేసిక్స్ అను పేర ఎంపిక చేసిన కొన్ని సేవలను మాత్రము డేటా ఖర్చు లేకుండ చూపుటకు పూనుకొనెను. ఏ సేవను చూచుచున్నారను దానిని బట్టి వేరువేరు ధరలు పెట్టరాదని టెలికాం నియంత్రణ సంస్థ 2016 ఫిబ్రవరి 8వ తేదీన నిబంధన చేయగా అది నిలిచిపోయెను. గ్రుడ్డి కన్న మెల్ల మేలు గదా, ఏమియు లేనివానికి కొంచెమైనను దొరకును గదా అని వాదించినవారు కలరు. ఆ వాదమును తేలికగా త్రోసివేయరాదు. కాని ఒక ధనికుడు పల్లెకు ఉచితముగా బాట వేయించి, ఆ బాట తన కొట్టు వరకు మాత్రమే పోవునట్లు చేసినచో, దానిని బాట యందుమా, బేరమందుమా? పుచ్చుకొనువాని కాళ్లకు స్వేచ్ఛనీయని ఉచితమునకు వెల వేరొక చోట వ్రాయబడి యుండును.

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వత్తము. ఫోనును, ఇంటర్నెట్టును లేనివారికి అందించుట దానమా, ఋణమా? ఆహార, ఔషధ, శాస్త్ర, అభయ దానములను ఎరిగిన మన కుటుంబములలో దీనిని శాస్త్రదానముగా భావించుట సహజమే. ఆ భావము మంచిది. కాని దానము ఇచ్చువాని యిష్టము. ఈయకున్నను అడుగువాడు లేడు. ఋణము అట్టిది కాదు. ఇందులో ఋణ మున్నదని చెప్పుటకు రెండు కారణములు కలవు.

మొదటిది మన ధర్మాదా పద్ధతి వంటిది. కొనువాని వద్ద ధర్మాదా క్రింద వసూలైన పైసలు దుకాణదారుని సొమ్ము కావు. అతడు వాటికి ధర్మకర్త మాత్రమే. టెలిఫోను సంస్థలు సర్దుబాటు చేసిన స్థూలాదాయములో 5 శాతమును మారుమూల ప్రాంతముల కొరకు ఒక నిధికి చెల్లించు ఏర్పాటు 2002 నుండి అమలులో ఉన్నది. 2023 నాటి టెలికాం చట్టము దానికి డిజిటల్ భారత్ నిధి యని పేరు పెట్టెను. మనము రీఛార్జి చేయించు ప్రతి రూపాయిలోను ఆ పాలు కొంత కలదు. ఆ నిధి నుండియే 2011లో ఆమోదము పొందిన పథకము క్రింద సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు కాంతితంతువులు వేయు పని సాగినది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు వచ్చెను. ఆంధ్రప్రదేశములో విద్యుత్తు స్తంభముల మీదుగానే తీగలు లాగి, నెలకు 149 రూపాయలకు సౌకర్యము నిచ్చు ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించిరి. తీగ పంచాయతీ కార్యాలయము వరకు వచ్చినంతనే పని తీరదు. అచ్చటి నుండి ఇంటికి రావలెను. రానంత కాలము ధర్మాదా ఖాతాలో బాకీ నిలిచియున్నదనియే అర్థము.

రెండవ కారణము ఇంతకంటె దగ్గరిది. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయములు, మన దుకాణములు తమ పనులను ఫోను మీదికి మార్చుకొన్నవి. అందువలన గుమాస్తాల ఖర్చు, కాగితము, కాలము కలిసి వచ్చినవి. ఆ లాభము మనది. తలుపు మారుటతో వెలుపల నిలిచిపోయినవాని నష్టము మాత్రము అతనిదే. 2021 మే 1వ తేదీన 18 మొదలు 44 సంవత్సరముల వారికి కరోనా టీకాలు ఆరంభమైనప్పుడు, కోవిన్ అను ఇంటర్నెట్టు వేదికపై ముందుగా పేరు నమోదైనవారికే టీకా యను నియమ ముండెను. ఫోను లేనివాడు ప్రాణరక్షణకు సైతము వెనుకబడవలసి వచ్చెను. సుప్రీంకోర్టు దీనిని ప్రశ్నించెను. టీకా కేంద్రముననే పేరు వ్రాయించుకొను వీలును తరువాత అందరికిని కలిగించిరి. ఇంటర్నెట్టు ద్వారా వర్తకము చేయు స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ కలదని ఆ న్యాయస్థానమే 2020 జనవరి 10వ తేదీన చెప్పియుండెను. అమ్మువానికి ఆ త్రోవలో రక్షణ ఉండి, కొనువానికి ఆ త్రోవయే లేకపోవుట న్యాయమనిపించుకొనునా? పాత తలుపు మూసి లాభము పొందినవాడు క్రొత్త తలుపు వరకు దారి చూపవలెను. అంతవరకు పాత తలుపు తెరచి యుంచవలెను. ఇది దయ కాదు, చెల్లు.

మన పెద్దలలో కొందరికి ఒక సందేహము కలుగును. ఈ ఫోనులు కాలమును హరించుచున్నవి, జూదమునకును అప్పులకును దారి తీయుచున్నవి; మన పిల్లలనే చెరచుచున్న వస్తువును లేనివారికి అందించుట ఉపకారమా యని. ఈ భయము నిరాధారమైనది కాదు. కాని నిగ్రహమనునది తనకు తాను విధించుకొనునది. ఫోనును చేతపట్టి దినమున కొంతసేపు ప్రక్కన పెట్టినవాడు నిగ్రహవంతుడు. అసలు ఫోనే లేనివాడు నిగ్రహవంతుడు కాడు, లేనివాడు మాత్రమే. మనము వాడుకొనుచు ఇతరునికి వద్దని చెప్పుట నిషేధమగును గాని నీతి కానేరదు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఆడపిల్లల హాస్టలులో ఫోను వాడకముపై పెట్టిన కట్టడిని గూర్చిన వ్యాజ్యములో, ఇంటర్నెట్టును పొందు హక్కు విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పినది ఈ భేదమును చూచియే యనుకొందును.

కావున మన కుటుంబములు చేయదగిన పనులు కొన్ని కలవు. ఫోను ద్వారా సొమ్ము చెల్లింపలేని ముసలివానిని, పల్లెటూరి స్త్రీని దుకాణము నుండి త్రిప్పి పంపరాదు. నగదును, కాగితపు చీటీని గౌరవముగా స్వీకరించవలెను. బొత్తాముల ఫోను నుండియే సొమ్ము చెల్లించు పద్ధతిని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించినది. మన గుమాస్తాలు దానిని నేర్చుకొని కొనువారికి చూపవచ్చును. పాత ఫోనులు అమ్మువారు బ్యాటరీ లోపమును దాచరాదు. సంఘము తరఫున విద్యార్థికి ఫోను ఇచ్చునప్పుడు సంవత్సరపు రీఛార్జిని, నేర్పు మనిషిని కూడ ఇచ్చినచో ఆ సొమ్ము వ్యర్థము కాదు. ఇంట తెలుగు మాటాడుచు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియయో, మరాఠీయో చదువు పిల్లలకు, ఏ లిపిలో ఏ దరఖాస్తు నింపవలెనో చెప్పువారుండుట ఎంత అవసరమో ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనకు వేరుగా చెప్పనక్కర లేదు.

చివరగా ఒక విన్నపము. పైన చెప్పిన సర్వే సంఖ్యలలో మన యిండ్లు కూడ కలవు. లక్షల వ్యాపారము ఫోను మీద నడుపు ఇంటిలో, ఇంటి యిల్లాలికి తన పేర ఒక ఫోను, దానిని స్వేచ్ఛగా వాడుకొను వీలు ఉన్నవా యని ప్రతి గృహస్థుడును విచారించుకొనవలెను. అది లేని యింటివారు లోకమునకు ఇంటర్నెట్టు అందించుటను గూర్చి మాటాడుటకు ముందు, ఆ బాకీని ఈ సంవత్సరపు లెక్కలు మూయులోగానే తీర్చుదురు గాక.