వానికి రెండెందుకు?

నల్లమలలో పుట్టిపెరిగిన మాకు పంపకం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తేనె దించినా, గడ్డలు తవ్వి తెచ్చినా పెంటలో ఇంటింటికీ వాటా పోవాలని పెద్దల దగ్గరే నేర్చుకున్నాం. బాలింతకో, జ్వరపడి లేచినవాడికో ఒక ముద్ద ఎక్కువ పెడితే ఎవరూ లెక్క అడగరు. ఎందుకో అందరికీ తెలుసు. కొల్లాపూర్ ప్రాంతంలో పంతుళ్లుగా పనిచేస్తుండగా, ఆ ‘ఎందుకో’ బయటికి చెప్పకూడని పిల్లవాడొకడు మా బడికి వచ్చాడు. వాడి ఊరు, తరగతి ఇక్కడ కూడా రాయం.

వాడికి హెచ్.ఐ.వి. ఉందని వాళ్ల అవ్వే చెప్పింది. ఇంకెవరికీ చెప్పొద్దని మా చేతులు పట్టుకుంది. “గోలీలు తప్పకుండ ఏస్తున్న సారూ, అయినా పొట్టిగనే ఉన్నడు” అన్నది.

పైకి ఏ జబ్బూ కనిపించకపోయినా ఇలాంటి పిల్లలకు మామూలు కంటే పదో వంతు ఎక్కువ శక్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. జబ్బుపడి తేరుకునేటప్పుడు 20 నుంచి 30 శాతం, బరువు తగ్గిపోతుంటే 50 నుంచి 100 శాతం ఎక్కువ కావాలి. విరేచనాలు, నోటిపూత పట్టుకుంటే తిన్నది ఒంటబట్టదు. మన దేశంలో పిల్లల కోసం ప్రత్యేకంగా ఉచిత ఏ.ఆర్.టి. 2006 చివర్లో మొదలైంది. ఆ మందులతో ముందు బరువు పెరుగుతుంది, ఎత్తు నిదానంగా వస్తుంది. కానీ గోలీ ఒక్కటే కడుపు నింపదు కదా.

అందుకని గుడ్డు పెట్టే రోజున వాడి పళ్లెంలో రెండు వేయించాం. మూడోసారికే పక్క పిల్ల అడిగింది: “సార్, వానికి రెండెందుకు?”

సన్నగున్నాడు కదా అన్నాం.

“నేను గూడ సన్నగనే ఉన్న గద సార్.”

నిజమే, ఆ పిల్లా సన్నమే. అసలు జవాబు మాకు తెలుసు, చెప్పే హక్కు లేదు. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న చట్టం ఒప్పుకోదు. చట్టం లేకున్నా అవ్వకిచ్చిన మాట ఉంది. ఆ తర్వాతి గుడ్డు రోజున వాడే రెండోదాన్ని పక్కకు నెట్టేశాడు.

ప్రాణం ముందు, గుట్టు తర్వాత అన్నాడు మాలో ఒకాయన. మేం ఒప్పుకోలేదు. కలిసి తింటే అంటుకోదని ఊరికి చెప్పగలం. వాళ్లు నమ్మేలోపు వాడు బడి మానేస్తే? అప్పుడు ఆ ఒక్క గుడ్డూ పోతుంది.

చివరికి పిల్లలందరినీ తూచి, బాగా సన్నగా ఉన్న వాళ్లందరికీ సాయంత్రం పల్లీలు, బెల్లం పెట్టడం మొదలుపెట్టాం. డబ్బులు మావే. కొన్ని నెలలు కుదరలేదు కూడా. గుట్టు నిలిచింది గానీ, పదిమందికి పంచేసరికి వాడి వాటా చిన్నదైంది. అవసరం ఎక్కువున్నవాడికి తక్కువ పెట్టి దాన్ని న్యాయం అనొచ్చా? లేక ఆకలి విషయంలో ఆ పిల్లను వాడి వెనక నిలబెట్టడమే తప్పా? మాకు ఇంకా తెగలేదు.

పోయిన నెల తూచినప్పుడు వాడు అరకిలో పెరిగాడు. ఆ పిల్ల పెరగలేదు.