కాలకేయుల తల్లులు ఎక్కడ?

2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగంలో కాలకేయులనే జాతి ఉంది. వాళ్ళకోసం తమిళ రచయిత మదన్ కార్కీ సుమారు 750 మాటలతో, వ్యాకరణంతో సహా కిలికి అనే భాషను తయారుచేశారు. నటుల ఒంటికి నల్లరంగు పూశారు. అయితే యుద్ధభూమిలో మనకు కనిపించే ఆ జనంలో ఆడవాళ్ళు లేరు, పిల్లలు లేరు, పొయ్యి రాజేసిన గుర్తు లేదు. భాషకు వ్యాకరణం ఉంది గానీ, ఆ భాషలో బిడ్డకు జోల పాడే తల్లి లేదు.

అదే కథలో మాహిష్మతిని చూడండి. కట్టప్ప తరతరాల బానిస. దేవసేన పాతికేళ్ళు సంకెళ్ళలో ఉంటుంది. ఈ క్రూరత్వానికి మాత్రం సింహాసనం, అసూయ, ఇచ్చిన మాట అంటూ కారణాలున్నాయి. బానిసత్వానికి విధేయత అనే గౌరవం కూడా దక్కింది. మనవాళ్ళ క్రూరత్వానికి చరిత్ర ఉంటుంది, పరాయివాళ్ళదానికి రంగు మాత్రమే ఉంటుందన్నమాట.

ఇది కథల్లోనే ఆగితే ఇంత బాధ లేకపోను. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బుట్టలల్లుకుంటూ, సోది చెప్పుకుంటూ బతికే ఎరుకలవాళ్ళు ఆ జాబితాకెక్కారు. పుట్టిన బిడ్డ కూడా నేరస్థుల లెక్కలోనే. స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు అలా వెలిశాయి. 1952లో చట్టం రద్దయింది, పడిన ముద్ర రద్దు కాలేదు. 'రక్తంలోనే క్రూరత్వమున్న జాతి' అని రాసేటప్పుడు మనం ఊహిస్తున్నామా, పాత పోలీసు రికార్డును తిరగరాస్తున్నామా?

అలాగని కఠినమైన సమాజాలను కల్పించకూడదని కాదు. కల్లాకపటం తెలియని అడవిబిడ్డల బొమ్మ కూడా అబద్ధమే. కాఠిన్యం ఎలా పనిచేస్తుందో తెలిసి రాయాలి. గుడుపల్లె, కుప్పం ప్రాంతాల్లో కూర్చుని రాసేవాళ్ళు అందుకు దూరం పోనక్కరలేదు. పాత చిత్తూరు జిల్లా తూర్పు పల్లెల్లో కొన్ని దళిత కుటుంబాల్లో మాతమ్మ ఆచారముంది. ఆడబిడ్డకు జబ్బు చేస్తుంది, వైద్యం అందదు. బతికితే నీకే ఇస్తాం తల్లీ అని మొక్కుకుంటారు. బతికిన పిల్ల మెడలో దేవత పేర తాళి పడుతుంది. ఇక ఆమెకు పెళ్ళి లేదు, ఆమె దగ్గరికొచ్చే మగవాళ్ళకు బాధ్యత లేదు. ఇలా అర్పించడాన్ని 1988 నాటి చట్టం నిషేధించింది.

ఇందులో రాక్షసులెవరు? మొక్కిన తల్లి ప్రేమతోనే మొక్కింది. ఆసుపత్రి లేకపోవడం, కులం, మగవాడి వెసులుబాటు కలిసి ఆ ప్రేమను తాళిగా మార్చాయి. నమ్మదగిన కఠిన సంస్కృతి ఇలాగే ఉంటుంది. అందులో భయం, ప్రేమ, ఎవరికో లాభం ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి.

కారణాలు చెప్పడమంటే క్షమించడమేగా అని కొందరంటారు. నాకలా అనిపించదు. రక్తాన్ని ఎవరూ నిలదీయలేరు. ఆచారాన్ని, దానివల్ల బాగుపడ్డవాణ్ణి నిలదీయవచ్చు. మన ఊహాజాతి చేతికి కత్తులిచ్చే ముందు వాళ్ళ ఇంట్లో ఒక పొయ్యి పెడదాం. దాని ముందు కూర్చున్న మనిషి 'ఇది వద్దు' అంటే ఆ రాత్రి ఆమెకు ఏమవుతుందో, ఆమె పక్కన ఎవరు నిలబడతారో రాద్దాం.