పాసు అను మాట

ధ్యాన భాగము: లూకా 10:25-37



ఇంగ్లీషు చదువనివారికిని తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటి మన పల్లెలలో గలదు. అది పాసు. పిల్లవాడు పది పాసైనాడందుము. కండక్టరుకు బస్సు పాసు చూపుదుము. పట్టాదారు పాసుపుస్తకమును పెట్టె అడుగున దాచుదుము. 1971 నాటి చట్టము పేరులోనే ఆ పుస్తకమున్నది. శాసనసభలో బిల్లు పాసగును. గల్ఫుకు పోవువానికి పాసుపోర్టు కావలెను. చనిపోయినవారిని గూర్చియు ఇంగ్లీషువారు పాసైపోయిరందురు; ఆ పరీక్షకు మార్కులు వేయువాడు వేరు.

వీటన్నిటి వెనుకను ఉన్నది లాటినులో అడుగు అను అర్థముగల ఒక మాట. అడుగు వేసి దాటిపోవుటయే పాసు. పస్కాకు ఇంగ్లీషులో పాసోవరు అను పేరు పెట్టినవాడు విలియం టిండేల్. 1530లో అచ్చయిన అతని తర్జుమాలో అది కనబడును. రక్తము పూసిన ఇండ్లను దాటిపోయిన కృపకు అది పేరు. కావున దాటిపోవుట ఎల్లప్పుడును చెడ్డది కాదు.

అయితే ఒకసారి ఇంటిలో పెండ్లికి గాజులు కొనుటకై నేను హైదరాబాదు పాతబస్తీకి పోతిని. ఇమ్లీబన్‌లో బస్సు దిగి, మూసీ దాటి, చార్మినారువైపు త్వరగా నడచుచుంటిని. లాడ్‌బజారులో పని ముగించుకొని సాయంత్రపు బస్సు అందుకొనవలెను. పత్తర్‌గట్టీ రాతి కమానుల క్రింద ఒక ముసలమ్మ తూలి పడెను. సంచిలోని మందుబిళ్లలు చెదిరెను. నేను చూచితిని. ఎవరో ఒకరు లేపుదురులే అనుకొని నడచితిని. నాలుగడుగులు పోవునప్పటికి వెనుకనుండి ఒక కేక వినబడెను: "పాస్ ఆవో భాయ్, పానీ లావో!" అరటిపండ్ల బండివాడు తన భుజముమీది తువ్వాలును ఆమె తలక్రింద పెట్టుచుండెను.

ఉర్దూలో పాస్ అనగా దగ్గర. పార్శ్వము అను సంస్కృత పదమునుండి వచ్చినది, అనగా ప్రక్క. శబ్దము ఒక్కటే. ఒక భాషలో దాటిపొమ్మనును, ఒక భాషలో దగ్గరకు రమ్మనును.

నేను చేసిన తప్పేమి? ఆమెను నేను తోయలేదు. ఏ కోర్టును నన్ను పిలువదు. ఏమియు చేయకపోవుట కూడ దోషమగునా? యాజకుడును లేవీయుడును దొంగలు కారు గదా! శవమును ముట్టిన మైల యగునని యాజకుడు జంకెనని కొందరందురు. కాని అతడు యెరూషలేమునకు ఎక్కిపోవుట లేదు, దిగివచ్చుచుండెను. అంత తొందర ఏమో! ప్రభువు దొంగలను గూర్చి ఎక్కువ చెప్పలేదు. చూచి ప్రక్కగా పోయినవారిని మాత్రము ఇద్దరిని చూపెను.

మరి పట్టణములో అడుగడుగునను చాపిన చేతులే. అందరియొద్దను ఆగినయెడల ఇల్లు చేరుటెట్లు? ఇది న్యాయమైన ప్రశ్నయే. నాకు దొరికిన జవాబు ఆ చిన్న మాటలోనే యున్నది. పాతబస్తీవారు "మేరే పాస్ దో రూపయే హై" అందురు. మనమును "నా దగ్గర రెండు రూపాయలున్నవి" అందుము. కలిగియుండుటను మన రెండు భాషలును దగ్గర అను మాటతోనే చెప్పును. దేవాలయ ద్వారమున పేతురు దగ్గర వెండి బంగారములు లేవు, ఉన్నది ఇచ్చెను (అపొ. 3). 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ చింతచెట్టు దగ్గర కొమ్మలు తప్ప ఏముండెను? సుమారు 150 మంది వాటిని పట్టుకొని బ్రదికిరి. ఆ దినమున నా దగ్గర రెండు చేతులుండెను, ఆమె నాలుగడుగుల దూరముననే యుండెను. సమరయుడును ఎల్లకాలము అచ్చట నిలిచిపోలేదు. మరునాడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి తన దారిని తాను పోయెను.

నేను తిరిగివచ్చి నీళ్లు తెచ్చితిని. ఆమె లేవలేకపోయెను. బండివాడు ఆటోను పిలిచి, ఆమెను ఉస్మానియా ఆసుపత్రికి తీసికొనిపోవుచు, నావైపు తిరిగి "మేరీ బండీ కే పాస్ ఠైరో భాయ్" అనెను. నా పేరైనను అడుగలేదు. గంటన్నరసేపు నేను ఆ బండి దగ్గర నిలిచి అరటిపండ్లు అమ్మితిని. డజను ధర ఎంతో నాకు తెలియదు, కొనువారే చెప్పిరి.