బొంతమీది పేరు ఎవరిది?



పాత చీరలు పారవేయక బొంతలు కుట్టుకొనుట మన కోనసీమ స్త్రీలకు తెలిసిన పనియే. మెత్తబడిన చీరలు రెండు మూడు వరుసలు పరచి, చిరుగులు లోపలికి పెట్టి, పైన మంచి ముక్కలు అతికి, చివరినుండి చివరివరకు సూదితో కుట్టుదురు. సంఘ స్త్రీలు కూడుకొని అట్టి బొంతమీద గుడ్డ అక్షరములు కూడ కుట్టి, చలికాలమున దిక్కులేనివారికిచ్చుట మంచి కార్యము. అయితే ఏ అక్షరములు కుట్టవలెను? "ఇచ్చినవారి పేర్లు కుట్టుదము, అప్పుడు మరి నలుగురు ఇత్తురు" అని కొందరందురు. ఈ మాట ఆలోచింపదగినది.

ముందు ఆ పని ఎట్టిదో చూడుడి. ఆంగ్ల అక్షరములలో అనేకము నిలువు పీలికలతో అమరును. మన తెలుగు అక్షరములు గుండ్రనివి. నిలువుగా కత్తిరించిన పీలిక వంపు దగ్గర ముడుతపడును. ఏటవాలుగా కత్తిరించినది సాగి వంపుతోపాటు తిరుగును. కొత్త గుడ్డయైతే ముందు ఉతికి ఆరవేయవలెను. లేనియెడల అది తరువాత కుంచించుకొని పాతదానిని లాగి చింపును. ప్రభువు చెప్పిన మాసిక ఉపమానమును సూది పట్టిన స్త్రీకి వేరుగా వివరింపనక్కరలేదు.

"ప్రేమ" అని కుట్టునప్పుడు పకారము పెద్ద ముక్కతో వచ్చును. దాని క్రిందనున్న క్రారవడి వ్రేలెడు పీలిక. ఆ పీలిక ఒక బీద విధవరాలి పాత రవికెనుండి వచ్చియుండవచ్చును. అది లేనియెడల "ప్రేమ" కాస్త "పేమ" యగును. అది మాటయే కాదు. పేర్లు కుట్టదలచినయెడల రూపాయలిచ్చినవాని పేరు పెద్దదిగా కనబడును. పీలిక ఇచ్చిన ఆమె పేరు ఎక్కడ కనబడును?

అమెరికా సంఘములలో పందొమ్మిదవ శతాబ్దమునందే సొమ్మిచ్చినవారి పేర్లు బొంతలపై కుట్టి, ఆ ధనముతో సంఘకార్యములు జరుపుకొనిరి. 1917లో యుద్ధకాలమున రెడ్‌క్రాసు సహాయమునకును అట్లే చేసిరి. మేలు జరిగెను. కనుక పేరు వ్రాయుటయే పాపమని నేననను. దేవుడే అహరోను భుజములమీది రాళ్లపై ఇశ్రాయేలు గోత్రముల పేర్లు చెక్కింపలేదా?

అయితే భేదము చూడుడి. అహరోను ఇతరుల పేర్లు తాను మోసి దేవుని సన్నిధికి వెళ్లెను. మనమో, మన పేరును బీదవాని వీపున మోపుచున్నాము. రాత్రి కప్పుకొనినప్పుడు అతడు చలిని మరచునుగాని మన పేరును మరువజాలడు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో మన సీమయందు ఇండ్లును కొబ్బరితోటలును కూలినప్పుడు, నిన్న పెట్టిన చెయ్యి తెల్లవారుసరికి చాచిన చెయ్యి యాయెను. ఇచ్చు చెయ్యి ఎల్లకాలము పైననే యుండదు.

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు, విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను పేతురుకు చూపుచు ఏడ్చిరి. ఆ వస్త్రములపై ఆమె పేరున్నదని లేఖనము చెప్పదు. ఆమె పేరు వారి కన్నీటిలో నుండెను.

కాబట్టి సహోదరీలారా, అక్షరములు కుట్టుడి. "ప్రేమ" అనియో "సమాధానము" అనియో కుట్టుడి. ఇచ్చినవారి పేర్లు సంఘపు లెక్కల పుస్తకములో సరిగా వ్రాయుడి, అది న్యాయము. కప్పుకొనువాని పేరు మాత్రము అడిగి తెలిసికొని, అహరోనువలె దానిని మీ ప్రార్థనలో ప్రభువు ఎదుటికి మోసికొనిపొండి.