ఛాయాచిత్రమునందు ఇతరుల భాగము

ఇంట శిశువునకు లింగధారణ జరిగిన దినమున తీసిన ఛాయాచిత్రము సాయంకాలమునకే బంధువుల సెల్‌ఫోనులన్నింటికిని చేరుచున్నది. ఆనందమును పదుగురితో పంచుకొనుట మంచిదే. పూర్వము అట్టి పటము గోడకు వ్రేలాడెడిది; ఇంటికి వచ్చినవారే చూచెడివారు. నేడది ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో పడిన పిమ్మట ఎవరి చేతులకు పోవునో పంపినవారికే తెలియదు. అట్లయినచో ఆ పటము ఎవరిది? తీసినవారిదా, అందు కనబడువారిదా?

తీసినవారిదే యని చాలమంది తలంతురు. కాని పటము ముఖమును మాత్రమే చూపదు. ద్వారముపై ఇంటి సంఖ్య, బాలుని చొక్కాపై పాఠశాల పేరు, వాకిటనున్న బండి సంఖ్య కూడ అందు కలవు. కంటికి కనబడనిది మరియొకటి కలదు. ఫోనులోని కెమెరాకు స్థలమును గుర్తించు అనుమతి యిచ్చియున్నచో, పటము తీసిన వేళతోపాటు ఆ చోటి అక్షాంశ రేఖాంశములును అందు చేరును. 2012 డిసెంబరులో, పోలీసులు విచారింపగోరుచుండగా బెలీజు దేశమును విడిచిపోయిన జాన్ మెకాఫీ అను కంప్యూటరు వ్యాపారి గ్వాటెమాలాలో నున్నట్లు బయటపడినది ఒక పత్రిక ప్రకటించిన ఛాయాచిత్రములోని ఇట్టి అంకెల వలననే. వాట్సాప్‌లో ఫోటోగా పంపినచో ఇవి సాధారణముగా తొలగును. డాక్యుమెంటుగా పంపినచో నిలుచును. ఈ భేదమెరిగినవారు ఇండ్లలో ఎందరు?

వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. 18 ఏండ్లు నిండని వారి సమాచారమును వాడదలచిన సంస్థ తలిదండ్రుల అనుమతి పొందవలెనని అందు కలదు. అయితే ఒక వ్యక్తి తన సొంత, గృహావసరములకు చేయు పనికి ఆ చట్టము వర్తింపదు. అనుమతి నీయవలసిన తలిదండ్రులే పటమును పంపువారైనపుడు బిడ్డ పక్షమున అడుగువారెవరు? చిక్కంతయు ఇచటనే యున్నది.

“మా బిడ్డ, మా ఇష్టము” అందురు. వారి ప్రేమను శంకింప బనిలేదు. స్నానము చేయించునప్పటి పటము తల్లికి ముద్దే. పదునైదవ యేట తోటివారి చేతిలో ఆ పటమే ఆ బాలునకు తలవంపగును.

వృద్ధుల విషయము మరింత కఠినము. ముక్కున గొట్టముతో ఆసుపత్రి మంచముపై నున్న తండ్రి పటమును, కోలుకొనవలెనని ప్రార్థింపుడనుచు కుమారుడు బంధువులందరికిని పంపును. ప్రార్థన కోరుట తప్పు కాదు. దానికి మాట చాలును. ఏనాడును ఉతికిన ఉత్తరీయము లేక వీధి మొగము చూడని ఆ పెద్దమనిషి అట్టి స్థితిలో పదిమందికి కనబడుటకు ఒప్పుకొనునా? అడిగిన చెప్పగల స్థితిలో ఆయన లేడు. దూరదేశముననున్న కుమార్తె తండ్రిని చూడగోరినచో ఆమెకొక్కతెకే పంపవచ్చును.

పిల్లవాడు ఊహ తెలిసిన పిదప పాత పటమును తీసివేయుమని కోరినచో, కారణమడుగక తీసివేయుట పెద్దలకు చిన్నతనము కాదు. అయితే అప్పటికే దానిని దాచుకొనినవారి ఫోనులలోని ప్రతులు అట్లే యుండును. అవి యెన్నియో తలిదండ్రులును చెప్పలేరు.