శ్వేతకేతు ఉపవాసం, నరకణం ఆకలి

శివరాత్రికి కథలాపూర్, కోరుట్ల వైపు నుంచి వేములవాడ రాజన్న దగ్గరికి వెళ్లేవాళ్లు పగలంతా ఒక్కపొద్దుండి, రాత్రి జాగారం చేస్తారు. కడుపు మాడితే మనసు తేటపడుతుందని నమ్మకం. నిజంగా మనసు దేహానికి అంత దూరమా?

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడనే ఋషి దీన్ని పరీక్షకే పెట్టాడు. కొడుకు శ్వేతకేతును 15 రోజులు అన్నం మాని నీళ్లే తాగమన్నాడు. తర్వాత వేదం చెప్పమంటే ఒక్క ముక్కా గుర్తురాలేదు. తిన్నాక అన్నీ గుర్తొచ్చాయి.

మనసుకే కాదు, నరకణానికీ ఇలాంటి ఆకలి ఉందని ఆధునిక విజ్ఞానం చూపింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇటలీలోని ట్యూరిన్‌లో తన పడకగదిలో కోడి పిండాలను పరిశీలించిన రీటా లెవీ-మొంతాల్చినీ, తర్వాత అమెరికాలో నరాల పెరుగుదల కారకాన్ని కనుగొన్నారు. గాజుపాత్రలో నరకణాల ముద్ద పక్కన ఆ కారకాన్ని విడుదల చేసే కణితి ముక్క ఉంచితే, ఒక్క రోజులో చుట్టూ నరపోగులు సూర్యకిరణాల్లా విచ్చుకున్నాయి. 1986లో ఆమెకూ స్టాన్లీ కోహెన్‌కూ నోబెల్ వచ్చింది.

1921లో టొరంటోలో కనుగొన్న ఇన్సులిన్ పని కూడా చక్కెరతో ఆగదు. అదీ, దాని చుట్టమైన ఐజీఎఫ్-1 నరకణం పైపొరలోని గ్రాహకాలను తాకి, కణాన్ని బతికిస్తాయి, పోగులు చాపిస్తాయి.

ఆ నరాల విలువ వేళ్ల పనిలో తెలుస్తుంది. ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టే ఆడబిడ్డకు తునికాకులో పొగాకు ఎంత పడిందో వేళ్లే చెబుతాయి. షుగర్ ముదిరి నరాలు దెబ్బతింటే ముందు అరికాళ్లు, ఆనక ఆ వేళ్లూ మొద్దుబారతాయి.

అయితే మనిషంతా రసాయనమేనా? ఉద్దాలకుడు అలా అనలేదు. అదే అధ్యాయంలో అన్నిటికీ మూలమైన సత్తునూ బోధించాడు. కానీ అన్నాన్ని, దేహాన్ని పక్కకు నెట్టి కాదు. ఇన్సులిన్ తీసుకునే భక్తులు ఒక్కపొద్దుకు ముందు డాక్టరును అడిగి మోతాదు సరిచేసుకుంటే రాజన్న పట్ల భక్తి ఏమాత్రం తగ్గదు.